వంతెన మీది తాత

మా అన్న నా మీద మోపిన హత్యానేరం ఒకటుంది. చచ్చింది నిజం మనిషి కాదు, వీడియో గేములో ఒక ముసలి సిపాయి. నవ్వొస్తే నవ్వండి, మా ఇంట్లో వాళ్ళు కూడా ఇన్నేళ్ళూ నవ్వుతూనే ఉన్నారు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు. మా ఇంటికొచ్చిన చేటు ఆ నాలుగింట్లో ఎన్నోదో నాకు తెలియదు గానీ, వచ్చింది మాత్రం ఆ నవ్వు వల్లే.

నేను బద్వేలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పోయిన ఎండాకాలం సెలవులకు ముందు స్టాఫ్ రూములో కూర్చుని ఫోను తిప్పుతుంటే ఆ గేము బొమ్మ కంటబడింది. పాత గేమునే, చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త మిషనులోకి దించి మళ్ళీ అమ్ముతున్నారట. రంగులు మార్చారు, సంగీతం మళ్ళీ వాయించారు, కథలో మాత్రం అక్షరం ముట్టుకోలేదని రాశారు. నాకు రంగులతో పని లేదు, సంగీతంతో అంతకన్నా లేదు. అక్షరం ముట్టుకోలేదన్న మాట చదివాక మాత్రం ఆ మిషను తెప్పించుకోకుండా ఉండలేకపోయాను. పార్సిలు స్కూలుకే వచ్చింది. పక్క టీచరు తొంగిచూసి, "ఏం మేడం, పిల్లలకా?" అంది. ఔ, పిల్లలకేనన్నాను. నలభై దాటిన ఆడమనిషి గేము కొనుక్కుందంటే ఊళ్ళో ఇంకో కథ పుడుతుంది. ఉన్న కథే నాకు చాలు.

మాది ఎర్రగుంట్ల. నాయన సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పనిచేసేవాడు. డ్యూటీ దిగి ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. అన్న గవర్నమెంటు హైస్కూల్లో తెలుగు మీడియం. నన్ను మాత్రం, అమ్మకు తెలిసిన ఒక టీచరమ్మ మాట సాయంతో, సిస్టర్లు నడిపే ఇంగ్లీషు బళ్ళో వేశారు. అన్నకు అది మొదటినుంచీ కంట్లో నలుసే. ఆ ఇంగ్లీషు ముక్కలతో వాడికి పని పడేదాకా నన్ను ఏనాడూ వాడి జట్టులోకి రానివ్వలేదు.

రైల్వే గేటు దగ్గర ఒక భాయ్ టీవీలు, రేడియోలు రిపేరు చేసేవాడు. షాపులో సగం గేములకు వదిలాడు. కొట్టుకునే గేముల దగ్గర, కార్ల గేముల దగ్గర పిల్లలు తోసుకునేవాళ్ళు. కువైట్ నుంచి వాళ్ళ బంధువెవరో తెచ్చిన ఒక క్యాసెట్టు మాత్రం ఊరికే పడుండేది. అందులో నలుగురు మనుషులు దేశాలు పట్టుకుని నడుస్తుంటారు, దారిలో కనబడిన ప్రతివాడూ ఏదో ఒకటి చెబుతాడు, చెప్పేదంతా ఇంగ్లీషులోనే. చదవకపోతే ఎటు పోవాలో తెలియదు. ఎవరూ ముట్టని క్యాసెట్టు కాబట్టి వంతుకు కాచుకోనక్కర లేదని మా అన్న, వాడి ఇద్దరు స్నేహితులు దాన్ని పట్టుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకడు భాయ్‌కి మేనల్లుడు. ముగ్గురూ ముక్కీ మూలిగీ మొదటి ఊరు దాటలేక నన్ను పిలుచుకుపోయారు.

"నువ్వు సదువు, నేను ఆడ్తా," అన్నాడు అన్న. రిమోట్ నా చేతికి ఒక్కనాడూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. నా మాట కోసం ముగ్గురు మగపిల్లలు నోరు తెరుచుకుని కూర్చోవడమే నాకు పెద్ద గొప్పగా ఉండేది.

ఆ గేములో రాజు ఎట్లా మాట్లాడాడో నాకు అప్పుడు సగమే అర్థమయ్యేది. మిగతా సగం మా వీధి మాటలతో నింపేదాన్ని. నా రాజు సింహాసనం మీద కూర్చుని, "ఏమప్పా, యాడికి పోతాండారు? ఈడ నీళ్ళకు శానా కష్టంగా ఉండాది," అనేవాడు. మంచుదేశంలోకి పోయినప్పుడు తెరంతా తెల్లగా కనబడింది. చెట్ల మీద, ఇళ్ళ మీద, మనుషుల టోపీల మీద తెలుపే. అన్న చూసి, "ఈడ గుడక ఫ్యాక్టరీ ఉండాదిరా," అన్నాడు. ముగ్గురూ ఒప్పుకున్నారు. మా ఊళ్ళో వేపచెట్లు కూడా అట్లాగే ఉండేవి. అది మంచని నాకు తెలుసు, పాఠంలో చదివాను, అయినా ఫ్యాక్టరీయేనన్నాను. మంచుకన్నా ఫ్యాక్టరీ అంటేనే కథ బాగుంది.

ఆ నలుగురిలో ఒకడు ముసలి సిపాయి. తెల్లగడ్డం, చేతిలో పెద్ద డాలు. ఎవరి మీద దెబ్బ పడబోయినా ఆయనే అడ్డం వస్తాడు. మేము ఆయన్ని తాత అనేవాళ్ళం. భాయ్ మేనల్లుడైతే షాపులోకి వస్తూనే తెర వంక చూసి సలాం కొట్టేవాడు.

కొండల మధ్య ఒక తాళ్ళ వంతెన వస్తుంది. వెనక శత్రువులు తరుముకొస్తుంటారు. తాత వంతెన మొదట్లో నిలబడి, మీరు పోండి, నేను వీళ్ళను ఆపుతానంటాడు. అప్పుడు తెర మీద రెండు మాటలు వస్తాయి. ఒకటి ఆయన్ని వదిలి వెళ్ళడం, రెండోది ఆయన పక్కన నిలబడటం. ఏదో ఒకటి నొక్కాలి. నేను రెండూ చదివి చెప్పాను.

"యాది నొక్కమంటావు?" అన్నాడు అన్న.

"పెద్దాయనే పొమ్మంటాండాడు గదా. పోదాం," అన్నాను.

వాడు నొక్కాడు. తాత తాళ్ళు నరికేశాడు. వంతెనతో పాటు ఆయనా పడిపోయాడు. ఆ తర్వాత అన్న నావైపు తిరిగి, "నువ్వే సంపినావు ఆయప్పను. నిలబడదామని సెప్పింటే బతికేటోడు," అన్నాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. రిమోట్ వాడి చేతిలో ఉంది, నొక్కిన వేలు వాడిది, చంపింది మాత్రం నేను.

ఇంకే ఊరి పిల్లలైనా అయితే ఆట ఆగిన చోటు దాచిపెట్టే పాత సేవ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి రెండోది నొక్కి చూసేవాళ్ళు. నిజం ఆ సాయంత్రమే తేలిపోయేది. మా వాళ్ళు అట్లా చేయలేదు. ఇంట్లో మనిషి పోతే మైల, పదకొండోనాడు దివసాలు అయ్యేదాకా శుభం ఏదీ ముట్టకూడదు. తాత మన మనిషే గదా, దివసాలు కానిదే ఆట ముట్టేది ఎట్లా అన్నాడు అన్న. వాడు హాస్యానికి అనలేదు. ఆ ముందేడే మా జేజి, నాయన వాళ్ళమ్మ, పోయింది, ఆ పద్ధతులన్నీ వాడికి కొత్తగా నేర్పిన పాఠంలాగా గుర్తున్నాయి. భాయ్ మేనల్లుడు ఒప్పుకోలేదు. గడ్డం ఉంది కాబట్టి తాత వాళ్ళ మనిషేనని, వాళ్ళలో మూడోనాటి జియారత్ అయిపోతే చాలని వాదించాడు. మరి నలభయ్యోనాడు చేసేది ఏమిటని ఇంకొకడు అడిగేసరికి వాడే వెనక్కి తగ్గాడు. నలభై దాకా ఎవరూ ఆగలేరు. చివరికి దివసాలకే ఒప్పుకున్నారు. చెబితే నవ్వుతారని భాయ్‌కి మాత్రం చెప్పలేదు.

దివసాలు చేశారు కూడా. మా మిద్దె గోడ మీద బూందీ, ఒక బీడీ పెట్టారు. కాకి వచ్చి బూందీ తినిపోయింది. తాత తృప్తి పడ్డాడని అందరికీ సంతోషం. నన్ను మిద్దెక్కనివ్వలేదు. చంపినదాన్ని కదా.

ఆ మరునాడు షాపుకు పోతే మా సేవ్ లేదు. ఫ్యాక్టరీ క్వార్టర్స్ పిల్లలు మా చోట కొత్త ఆట మొదలుపెట్టుకున్నారు. వారం దాటి ఎవరూ రాకపోతే చెరిపేస్తానని భాయ్ గోడ మీద రాసే పెట్టాడు. అన్న ఏడుపు మొహంతో సంగతి చెబితే ఆయన సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి, "ఆటలో సచ్చినోనికి ఎవురన్నా దివసాలు సేస్తారా అప్పా? ఒక మాట సెప్పింటే పెట్టింటి గదా," అన్నాడు. మళ్ళీ మొదటినుంచి ఆడే ఓపిక ఎవరికీ లేకపోయింది. కొన్నాళ్ళకు ఆ క్యాసెట్టే పాడైపోయింది. అట్లా నా మీది నేరం రుజువు కాకుండానే ఖాయమైంది.

మొదట్లో అది ఇంట్లో ఒక హాస్యం. నేను బస్సు టైము చెప్పినా, ఉప్పు సరిపోయిందన్నా, "దీని మాట ఇనగాకండి, మనిషి దక్కడు," అనేవాడు అన్న. నాయన నవ్వేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, ఆడపిల్ల ముఖం ముడుచుకుంటే ఇంకో పేరు పెడతారు. రానురాను ఆ కథ తెలియని చుట్టాలకు కూడా ఆ మాట అలవాటైపోయింది. పెద్ద విషయాల్లో నా మాట అడగడం మానేశారు. ఎవరూ కావాలని మానలేదు, నేను నోరు తెరిస్తే అందరికీ ముందు నవ్వొచ్చేది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా ఇంట్లో చెప్పేదే లోకువ.

నాయనకు రిటైరయ్యాక ఆయాసం మొదలైంది. సిమెంటు దుమ్ము ఎంత తిన్నాడో ఏమో, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవాడు. ఒకసారి నేను వచ్చినప్పుడు కాళ్ళు వాచి ఉండటం చూసి ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, గుండెకు కూడా వచ్చింది, ఆలస్యం చేయొద్దు, ఇప్పుడే కర్నూలుకు తీసుకుపొండి, ఈ జబ్బు బాగా చూసే ఆయన అక్కడున్నాడన్నాడు. ఆయన గొంతు నాకిప్పటికీ గుర్తుంది, తొందరపెట్టే గొంతు అది.

ఇంటికొచ్చేసరికి అన్న వసారాలో స్నేహితులతో కూర్చుని ఉన్నాడు. అన్నకు సొంత లారీ ఉంది, నాపరాళ్ళు తోలుతాడు. మరుసటి పొద్దున లోడు పోవాలి.

"అన్నా, నాయనను ఈ పొద్దే కర్నూలుకు తీస్కపోవాల. డాక్టరు గట్టిగా సెప్పినాడు," అన్నాను.

అన్న స్నేహితుల వైపు చూసి, "ఈయమ్మి పొమ్మన్నప్పుడల్లా ఒక ముసలాయన పోతాడప్పా. మీకు ఎరికే గదా," అన్నాడు.

అందరూ నవ్వారు. పాత స్నేహితుడు ఒకడు తొడ కొట్టుకుని మరీ నవ్వాడు. నన్ను బాధపెట్టింది అది కాదు. మంచం మీద కూర్చున్న నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు, దగ్గు ఆగాక, "ఆదివారం పోదాంలేమ్మా, వాని లోడు కానీ," అన్నాడు. నేను ఇంకోసారి చెప్పాను. అప్పటికి వాళ్ళు వేరే మాటల్లో పడ్డారు. ఆ పొద్దే ఏదో ఒక కారు మాట్లాడుకుని నాయనను ఎక్కించుకుని పోవాల్సిందని మీరనవచ్చు. నేను లెమ్మంటే ఆయన లేవలేదు. కొడుకు రాకుండా కర్నూలుకు రానన్నాడు.

స్కూలుందని నేను బద్వేలుకు తిరిగొచ్చాను, జబ్బు మాత్రం ఆదివారం దాకా ఆగలేదు. శనివారం పొద్దున అన్న ఫోను చేశాడు. నాయనకు ఎక్కువైంది, కారులో వస్తున్నాం, మైదుకూరు అడ్డరోడ్డు దగ్గర నిలబడమన్నాడు. నేను బద్వేలు నుంచి పోయి నిలబడ్డాను. కారెక్కి నాయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. నంద్యాల దాటేవరకూ మాట్లాడుతూనే ఉన్నాడు. ఓర్వకల్లు దగ్గర ఆ రాళ్ళ గుట్టలు కనబడుతుండగా ఊపిరి ఆగిపోయింది. ఇంకొంచెం పోతే కర్నూలే. డ్రైవరు కారు పక్కకు ఆపాడు. అన్న దిగి రోడ్డు మీద కూర్చుని తల బాదుకున్నాడు.

నాకు కావలసింది ఒక్క మాట. నువ్వు చెప్పినావు, నేను వినలేదు. అంతే. కోపంగా అన్నా సరే, గొణిగినా సరే. దివసాలకు అందరికన్నా పెద్దగా ఏడ్చాడు, ఆ మాట అనలేదు. ఏడాది తిరిగింది, అనలేదు. ఆ హాస్యం మాత్రం మానేశాడు. మానేసినందుకు నేను సంతోషించాలేమో, నాకు ఇంకా మండింది. ఆ మాట తప్పని వాడికి తెలుసన్నమాట. తెలిసీ నోరు విప్పడు.

అందుకే ఆ మిషను కొన్నాను. చిన్నప్పటి ముచ్చట తీర్చుకోవడానికి కాదు. రాసింది రాసినట్టు చదివానని, నా మాట మొదటినుంచీ నిజమేనని వాడి కళ్ళ ముందు పెట్టాలి. అది ఒప్పుకుంటే, రెండోది వాడి నోటినుంచి దానంతటదే వస్తుందనుకున్నాను.

మొదట బొటనవేళ్ళు నా మాట వినలేదు. తెర మీద పామొస్తే కొట్టబోయి అడుగు తప్పి దాని మీదికే పోయేదాన్ని. ఆదివారాలు, కడపకు పోయే బస్సులో, స్కూల్లో ఖాళీ పీరియడులో కొంచెం కొంచెంగా నేర్చుకున్నాను. రాజు మాటలు ఇప్పుడు పూర్తిగా అర్థమయ్యాయి. ఆయన చెప్పేదంతా కాళ్ళూ చేతులూ లేని నీతులు. నా రాజే మేలు, నీళ్ళ సంగతన్నా మాట్లాడాడు. మంచుదేశం వచ్చినప్పుడు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ సెలవుల్లో నాకు సుఖంగా గడిచింది ఆ కాసేపే.

వంతెన వచ్చింది. ముందే సేవ్ పెట్టుకున్నాను. వదిలి వెళ్ళడం నొక్కాను. తాత పడిపోయాడు. వెనక్కొచ్చి పక్కన నిలబడటం నొక్కాను. తాత నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు, డాలుతో అవతలికి తోసేశాడు, తాళ్ళు నరికాడు, పడిపోయాడు. రెండింటికీ తేడా ఒక్క వాక్యం. మళ్ళీ ఆడాను, మళ్ళీ అంతే. ఏది నొక్కినా ఆయన చావాల్సిందే, కథ రాసినవాళ్ళు అట్లా రాసిపెట్టారు. మిషను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. సంతోషమో, ఇన్నేళ్ళు ఊరికే మోశానన్న కోపమో నాకే తెలియలేదు.

పెద్దల అమావాస్యకు ఎర్రగుంట్లకు పోయాను. నాయన ఫోటో ముందు కొత్త పంచె పెట్టి, మొక్కుకుని, అందరం భోజనాలు చేశాం. లారీ ఇంటి ముందే నిలబడి ఉంది. వదిన గిన్నెలు సర్దుకుంటోంది. అన్న వసారాలో చాప మీద కూర్చున్నాడు. నేను సంచీలోంచి మిషను తీసి వాడి చేతిలో పెట్టాను.

తెర చూడగానే వాడి మొహం మారిపోయింది. "ఇది యాడ దొరికింది నీకు?" అన్నాడు. లారీ స్టీరింగు తిప్పి మొద్దుబారిన వేళ్ళు ఆ బటన్ల మీద ఎంత తేలిగ్గా తిరిగాయో చూస్తే నాకు అసూయ కలిగింది. వంతెన దగ్గరికి రాగానే తెర నా వైపు తిప్పి, "సదువు," అన్నాడు. అలవాటు, వాడు ఆలోచించి అనలేదు.

నేను చదివాను. చిన్నప్పుడు చెప్పినట్టే, రెండు మాటలూ చెప్పాను. వదిలి వెళ్ళడం నొక్కాడు. తాత పోయాడు.

"ఇప్పుడు ఎనక్కి వచ్చి రెండోది నొక్కు," అన్నాను.

నొక్కాడు. తాత డాలుతో తోశాడు, తాళ్ళు నరికాడు. అన్న కదలకుండా చూశాడు. వాడే ఇంకోసారి వెనక్కొచ్చి మళ్ళీ రెండోదే నొక్కి చూశాడు. ఆ తర్వాత మిషను చాప మీద పెట్టాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంటున్నాను.

"అంటే ఏది నొక్కినా ఆయప్ప పోయేటోడే," అన్నాడు.

"ఔ. నేను సరిగ్గానే సదివినా."

"నువ్వు సంపలేదు."

"లేదు."

అన్న గోడకు ఆనుకున్నాడు. వాడి భుజాలు కిందికి జారడం నేను చూశాను. నాయన ఫోటో వైపు చూసి, చాలా మెల్లగా, "నాయన గుడక అంతే గదమ్మీ. ఆ పొద్దే తీస్కపోయింటే మాత్రం? రాసిపెట్టింటే పోవాల్సిందే. నేను ఊరికే ఇన్నాళ్ళు..." అని ఆగిపోయాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాయన సంగతి అట్లగాదు అన్నా. ఆ పొద్దు పోయింటే దక్కేటోడు. డాక్టరు సెప్పినాడు," అన్నాను.

"ఇప్పుడే గదా నువ్వే సూపిస్తివి," అన్నాడు. హాస్యానికి కాదు. మొదటిసారి నా మాటను పూర్తిగా నమ్మి అన్నాడు.

చేయి తల కింద పెట్టుకుని అక్కడే చాప మీద ఒరిగాడు. చూస్తుండగానే గురక మొదలైంది. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడిపోయింది. నా దగ్గరికి వంగి, "ఏం సెప్పినావో ఏమో గానీ, నీ పుణ్యం పాపా. మామ పోయిన కాన్నుంచి మీయన్న ఇట్ల కన్ను మూసింది నేను సూడల్యా," అని గుసగుసగా అంది.

వాణ్ణి లేపాలనిపించింది. భుజం పట్టి కుదిపి, నాయనకు రెండో దారి ఉండిందని, అది కర్నూలు రోడ్డని, ఆ రోజు అది మన ఇంటి ముందే ఉండిందని అరవాలనిపించింది. నేను నోరు తెరవడం చూసి వదిన నోటి మీద వేలు పెట్టుకుంది. నేను నోరు మూసుకుని, మిషను సంచీలో వేసుకుని, చప్పుడు కాకుండా చెప్పులు తొడుక్కున్నాను.